బ్యాక్ ఇన్ బ్లాక్ రిఫ్: గెయిన్ పెంచితే ముద్ద, తగ్గిస్తే పీల. ఎక్కడ పెట్టాలి?

ఆరుతీగలు
రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ వాళ్ల బ్యాక్ ఇన్ బ్లాక్ పాటలో రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) పట్టుకుని కొన్నాళ్లుగా కూర్చున్నా. వేళ్లకి వచ్చేసింది, సౌండ్ మాత్రం రావడం లేదు. గిటార్ స్క్వయర్ స్ట్రాట్ హెచ్‌ఎస్‌ఎస్, అంటే బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర హంబకర్, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్ ఉంది. యాంప్ బాస్ కంపెనీ కటానా 50. తీగల మందం 9-42 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క).

ఇప్పుడున్న సెట్టింగ్ (నాబ్‌లన్నీ గడియారం లెక్కన చెబుతున్నా): యాంప్ టైప్ బ్రౌన్ (బాగా కరుకు రకం), గెయిన్ (కరుకుదనం పెంచే నాబ్) 3 గంటలు, బేస్ 3 గంటలు, మిడిల్ 9 గంటలు, ట్రెబుల్ 2 గంటలు. బూస్ట్ ఆన్, కొంచెం రివర్బ్ (గది మారుమోత లాంటి ఎఫెక్ట్). గదిలో ఒక్కడినే వాయిస్తే భారీగా ఉంటుంది. అదే పాట పెట్టి దాంతో పాటు వాయిస్తే తేనెతుట్టె కదిపినట్టు జుయ్‌మంటుంది. ఇ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) ఏదో, డి ఏదో తెలీదు. గెయిన్ తగ్గిస్తే అసలు పసే ఉండదు. రికార్డులో ప్రతి దెబ్బా విడివిడిగా, బలంగా వినిపిస్తుంది. అదెలా?

కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, కాబట్టి ఇంట్లో 0.5 వాట్ మోడ్ మాత్రమే. వచ్చే నెల ఆఫీసు ఫంక్షన్‌లో డ్రమ్స్, బేస్ గిటార్‌తో కలిసి వాయించాలి. టెన్షన్‌గా ఉంది. ఈ సామానుతో అవుతుందా, పెడల్ ఏమైనా కొనాలా?

మెటల్‌మల్లి
మంచి డిస్టార్షన్ పెడల్ ఒకటి తీసుకో, క్లీన్ ఛానెల్‌లో పెట్టి వాయించు. గెయిన్ తగ్గించమని ఎవరు చెప్పినా వినకు. రాక్ అంటేనే గెయిన్.

లెఫ్టీలత
పెడల్ కొనకండి. ఆ డబ్బుతో 10-46 తీగలు రెండు సెట్లు కొని, గిటార్ ఒకసారి సెటప్ చేయించుకోండి.

సౌండ్ ముద్ద కావడానికి కారణం మీ సెట్టింగ్‌లోనే ఉంది. ఆ రిఫ్‌లో ఉన్నవి ఓపెన్ కార్డ్స్, అంటే కొన్ని తీగలు నొక్కకుండానే మోగేవి. ఇ ఒక దెబ్బ, తర్వాత డి మూడు, ఆపైన ఎ మూడు. డి, ఎ రెండింటిలోనూ మేజర్ థర్డ్ (మూల స్వరం నుంచి మూడోది) మోగుతుంది. గెయిన్ ఎక్కువైతే ఆ థర్డ్ మిగతా స్వరాలతో కొట్టుకుంటుంది. అందుకే హెవీ మెటల్ వాళ్లు రూట్ (మూల స్వరం), ఫిఫ్త్ (దాని నుంచి ఐదోది) మాత్రమే పట్టుకుంటారు. ఇక్కడ పూర్తి కార్డ్ వినిపించాలి కాబట్టి గెయిన్ దిగాల్సిందే.

యాంప్ టైప్ బ్రౌన్ నుంచి క్రంచ్‌కి (తక్కువ కరుకు రకం) రండి. గెయిన్ 10 గంటలు. బూస్ట్, రివర్బ్ ఆఫ్.

మెటల్‌మల్లి
10 గంటలా? అది దాదాపు క్లీన్ కదా.

ఫ్రిస్కోవాల్వ్
ఆ రికార్డు కూడా అంతే మల్లీ. హెడ్‌ఫోన్స్ పెట్టి ఒక చెవి మూసుకుని విను, తర్వాత రెండోది మూసుకుని విను. ఇద్దరు గిటారిస్టులు రెండు వైపులా ఉంటారు. ఒకరిది కాస్త కరుకు, రెండోది దాదాపు శుభ్రంగా ఉంటుంది. రెండూ కలిసినప్పుడే మనకు పెద్ద గోడలా వినిపిస్తుంది.

ఆ శుభ్రంగా ఉండేది మాల్కమ్ యంగ్. ఆయన గిటార్ 1963 నాటి గ్రెచ్ జెట్ ఫైర్‌బర్డ్. బ్రిడ్జ్ దగ్గరి ఫిల్టర్‌ట్రాన్ పికప్ ఒక్కటే ఉంచి మిగతావి పీకేశాడు. తీగలు 12-56, మూడో తీగ కూడా చుట్టు తీగే (పైన సన్న తీగ చుట్టినది). యాంప్ మార్షల్. గెయిన్ తక్కువ, వాల్యూమ్ బాగా ఎక్కువ, ఆపైన కుడిచేత్తో బలంగా కొట్టడం. తమ్ముడు యాంగస్‌ది గిబ్సన్ ఎస్‌జీ, అది కూడా మార్షల్‌లోకే.

నా దగ్గర మార్షల్ 1959 సర్క్యూట్ మీద కట్టిన 100 వాట్ హెడ్ (స్పీకర్ లేని యాంప్) ఉంది. ఈ పాటకి ప్రెజెన్స్ (పై పదును పెంచే నాబ్) దాదాపు సున్నా, బేస్ 3, మిడిల్ 7, ట్రెబుల్ 6. అటెన్యుయేటర్ (స్పీకర్‌కి వెళ్లే పవర్ తగ్గించేది) పెట్టి వాయిస్తాను, లేకపోతే గరాజ్ తలుపు కూడా మోగుతుంది.

ఆరుతీగలు
మార్షల్ 1959 అంటే ఆ సంవత్సరం తయారైన యాంపా?

ఫ్రిస్కోవాల్వ్
కాదు, అది మోడల్ నంబరు. మార్షల్ మొదటి యాంప్ జేటీఎం45 వచ్చిందే 1960ల మొదట్లో, అది కూడా ఫెండర్ బాస్‌మ్యాన్ సర్క్యూట్ చూసి కట్టినది. 1959 సూపర్ లీడ్ తర్వాత వచ్చింది. ఈ పేరు చూసి చాలామంది పొరబడతారు.

కోరస్‌కిరణ్
గుంటూరులో చర్చిలో వాయిస్తాను, కాబట్టి నా లోకం వేరు. డిలే, రివర్బ్ లేకుండా పెడల్‌బోర్డే ఉండదు. కానీ ఈ రిఫ్‌కి లత గారి మాటే కరెక్ట్, రివర్బ్ పూర్తిగా తీసేయండి. రిఫ్‌లో సగం ఖాళీలే. కార్డ్ ఆగాక వచ్చే నిశ్శబ్దంలోకి రివర్బ్ తోక వచ్చి పడితే తర్వాతి దెబ్బకి బలం ఉండదు.

తాళంతప్పదు
డ్రమ్మర్‌గా ఈ మాట కోసమే చూస్తున్నా. కిరణ్ చెప్పిన ఖాళీల్లో ఉండేది మా కిక్, స్నేర్ డ్రమ్ములు. గిటార్ అక్కడ మోగుతూ ఉంటే స్నేర్ చచ్చిపోతుంది. పాట మొదట్లో హై-హ్యాట్‌తో పాటు మ్యూట్ చేసిన తీగల మీద గీకుడు వినిపిస్తుంది చూడండి, అక్కడి నుంచే తాళం మొదలు. మెట్రోనోమ్ నిమిషానికి 92-94 దెబ్బల మధ్య పెట్టుకుని వాయించండి. చాలామంది 100 దాటించేస్తారు, ఊపు మొత్తం పోతుంది.

సౌండ్‌చెక్‌శీను
విజయవాడ చుట్టుపక్కల లైవ్ షోలకి మిక్సింగ్ చేస్తుంటా. ఆరుతీగలు బ్రో రాసిన సెట్టింగ్ స్టేజీల మీద తరచూ కనిపిస్తుంది. బేస్, ట్రెబుల్ పైకి, మిడిల్ కిందకి. గదిలో ఎందుకు బాగుంటుంది, బ్యాండ్‌లో ఎందుకు మాయమవుతుంది అనేది కొంచెం వివరంగా చెబుతా.

మన చెవి తక్కువ సౌండ్‌లో బేస్‌ను, బాగా పై ఫ్రీక్వెన్సీలను సరిగా పట్టుకోలేదు. దీన్ని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి గీశారు. 0.5 వాట్ మీద చిన్నగా వాయిస్తున్నప్పుడు ఆ రెండు చివరలూ తక్కువగా వినిపిస్తాయి కాబట్టి చెయ్యి తనంతట తానే బేస్, ట్రెబుల్ పెంచుతుంది. అదే సెట్టింగ్‌తో హాల్లో వాల్యూమ్ పెంచగానే ఆ రెండూ ఒక్కసారిగా లేస్తాయి. బేస్ వెళ్లి బేస్ గిటార్‌తోనూ కిక్‌తోనూ తగులుకుంటుంది. ట్రెబుల్ వెళ్లి సింబల్స్‌లో కలిసిపోతుంది. ఇక మిగిలింది మిడిల్, దాన్నేమో ముందే తీసేశాం. గిటార్ వినిపించేది ఎక్కడ?

ఎలక్ట్రిక్ గిటార్‌లో మనం గుర్తుపట్టే సరుకంతా సుమారు 400 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక ఎలాగూ గబగబా పడిపోతుంది. కింద లావు ఇ తీగ 82 హెర్ట్జ్. అంతకంటే కింద ఉన్నదంతా అరచెయ్యి తగిలిన చప్పుడు, స్టేజీ అదురు, అంతే. మిక్సర్‌లో నేను 100 హెర్ట్జ్ దగ్గర కోసేస్తాను. గిటారిస్టులు మొదట ఒప్పుకోరు, బేస్ గిటార్ మొదలయ్యాక తేడా వాళ్లకే తెలుస్తుంది.

ఇలా మొదలుపెట్టు: మిడిల్ 2 గంటలు, బేస్ 10 గంటలు, ట్రెబుల్ 12 గంటలు. ఒక్కడివే వాయిస్తే ముక్కుతో పాడినట్టు ఉందనిపిస్తుంది, కంగారుపడకు. పాట పెట్టి దాంతో కలిపి విను.

ఇంకొకటి. యాంప్ నేల మీద పెట్టావా?

ఆరుతీగలు
అవును, గోడ మూలన.

సౌండ్‌చెక్‌శీను
ముందు దాన్ని అక్కడి నుంచి తియ్. మూలలో బేస్ ఊరికే పెరుగుతుంది. స్పీకర్ నీ మోకాళ్లకి వినిపిస్తోంది, చెవికి కాదు. పై ఫ్రీక్వెన్సీలు స్పీకర్ ఎదురుగా సూటిగానే వెళ్తాయి, పక్కకి పెద్దగా పరుచుకోవు. కుర్చీ మీద పెట్టి కొంచెం పైకి వంచి, దానికి ఎదురుగా కూర్చో. ఆ తర్వాతే నాబ్‌ల మీద చెయ్యి వెయ్.

మెటల్‌మల్లి
యాంప్ కుర్చీ మీద పెట్టే ఐడియా మాత్రం నాకు నచ్చింది. కానీ గెయిన్ విషయంలో ఒప్పుకోను. 9-42 తీగలు, స్ట్రాట్, 0.5 వాట్. ఇంత పలుచటి సామానుకి గెయిన్ కూడా తీసేస్తే ఏం మిగులుతుంది? మాల్కమ్ 12-56 తీగలతో, 100 వాట్ల యాంప్ నిండుగా తెరిచి వాయించాడు. ఆ లావు అక్కడి నుంచి వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో ఆ వాల్యూమ్ ఉండదు కాబట్టి దాని బదులు గెయిన్ వాడాలంటున్నా.

లెఫ్టీలత
మల్లి గారి ప్రశ్నలో న్యాయం ఉంది. వాల్యూమ్ లేనప్పుడు కొంచెం గెయిన్ సాయం కావాలి. అందుకే సున్నా అనలేదు, 10 గంటలు అన్నాను, కావాలంటే 11. కానీ 3 గంటలు పెడితే మెల్లగా మీటినా గట్టిగా కొట్టినా ఒకేలా వస్తుంది. ఈ రిఫ్‌లో కార్డ్‌కీ, తర్వాత వచ్చే లిక్‌కీ (ఒక్కో స్వరంగా వాయించే చిన్న ముక్క) చేతి బలం వేరు. ఆ తేడా యాంప్ చూపించగలగాలి.

నేను స్టూడెంట్స్‌కి ఒక చిన్న పరీక్ష పెడతాను. ఓపెన్ డి కార్డ్ పట్టుకుని ఒక్కో తీగనీ నెమ్మదిగా మీటుతూ పైనుంచి కిందకి రండి. దాదాపు క్లీన్‌గా వినిపించాలి. అదే కార్డ్‌ని ఒక్కసారిగా గట్టిగా కొట్టండి. అప్పుడు కరకరమనాలి. రెండూ జరిగే చోట గెయిన్ నాబ్ వదిలేయండి. నంబర్‌తో పని లేదు, నా గిటార్‌కి అది ఒక చోట ఉంటే మీ గిటార్‌కి ఇంకో చోట ఉంటుంది.

కోరస్‌కిరణ్
ఈ పరీక్ష బాగుంది. రాత్రి చేసి చూశా. నా దాంట్లో హంబకర్ ఎత్తు ఎక్కువై మెల్లగా మీటినా సౌండ్ కరకరమంటోంది. పికప్ ఎత్తుకి కొలత ఏదైనా ఉందా?

సోల్డర్‌సుబ్బు
ఉంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పికప్ పోల్ దాకా కొలువు. గిబ్సన్ చెప్పే లెక్క ప్రకారం బ్రిడ్జ్ హంబకర్‌కి సుమారు 1.6 మిల్లీమీటర్లు, నెక్ దానికి 2.4. అది మొదలు మాత్రమే. అక్కడి నుంచి అర చుట్టు చొప్పున స్క్రూ తిప్పుతూ వింటూ ఉండు. దించితే అవుట్‌పుట్ తగ్గుతుంది కానీ స్వరాలు విడిపోయి వినిపిస్తాయి.

ఆరుతీగలూ, ఇంకో మాట. గిటార్ మీద వాల్యూమ్ నాబ్ ఎక్కడ పెడుతున్నావు?

ఆరుతీగలు
ఎప్పుడూ 10లోనే సుబ్బు గారూ. 10 నుంచి తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు అయిపోతుంది.

సోల్డర్‌సుబ్బు
నాబ్ తిప్పినప్పుడు పాట్ (నాబ్ కింద ఉండే మార్చగల రెసిస్టర్) రెసిస్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ రెండూ కలిసి ట్రెబుల్‌ను కిందకి లాగేస్తాయి. కేబుల్ పొడవు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. రెండు మార్గాలు. ఒకటి, గదిలో వాయించడానికి 3 మీటర్ల కేబుల్ చాలు, పొడవుది పక్కన పెట్టు. రెండు, వాల్యూమ్ పాట్ మీద ట్రెబుల్ బ్లీడ్ (వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ పోకుండా చూసేది) పెట్టించు. 1000 పికోఫ్యారడ్ కెపాసిటర్, 150 కిలో ఓమ్ రెసిస్టర్ పక్కపక్కన సమాంతరంగా కట్టి, పాట్ ఇన్‌పుట్ కాలుకీ మధ్య కాలుకీ సోల్డర్ చేస్తే చాలు. ఎలక్ట్రానిక్స్ షాపులో ఈ రెండూ కలిపి టీ ఖర్చు కూడా కాదు.

అది చేయించాక వాల్యూమ్ 6-7లో రిఫ్, 10లో సోలో. యాంప్ మీద ఒక్క సెట్టింగ్ చాలు.

పాతఆర్కెస్ట్రా
పిల్లలు బాగా మాట్లాడుకుంటున్నారు, చదువుతుంటే సంతోషంగా ఉంది. రాజమండ్రిలో పెళ్లిళ్లకీ దేవి నవరాత్రులకీ ఆర్కెస్ట్రాలో వాయించినవాణ్ణి. కోల్‌కతా గివ్‌సన్ గిటార్, మైకు సెట్టు వాడి యాంప్లిఫయర్, అంతే మా సామాను. డిస్టార్షన్ కావాలంటే ఆ మైకు యాంప్లిఫయర్ వాల్యూమ్ పెంచేవాళ్లం, గాయకుడు వెనక్కి తిరిగి చూసేవాడు. మేము మళ్లీ తగ్గించేవాళ్లం.

ఈ ఆల్బమ్ క్యాసెట్ ఒక షిప్‌యార్డ్ మిత్రుడు వైజాగ్ నుంచి తెచ్చిస్తే విన్నాను. 1980 ఫిబ్రవరిలో వాళ్ల గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు, అదే ఏడాది జూలైలో కొత్త గాయకుడు బ్రయాన్ జాన్సన్‌తో ఈ ఆల్బమ్ విడుదలైంది. బహామాస్‌లో కంపాస్ పాయింట్ స్టూడియోలో రికార్డు చేశారు. అంత దుఃఖంలో ఉన్నవాళ్లు ఒక్క స్వరం కూడా ఎక్కువ వాయించలేదు. నాకు ఆ రిఫ్‌లో ఇప్పటికీ బాగా నచ్చేది అదే.

బాబూ ఆరుతీగలూ, ఎడమ చేతి సంగతి చూసుకో. ఇ కార్డ్ కొట్టాక దాన్ని ఆపేది ఎవరు? కుడి అరచెయ్యి ఒక్కటే చాలదు. ఇ కార్డ్‌లో ఓపెన్ తీగలు ఉంటాయి, వేళ్లు లేపితే అవి మోగుతూనే ఉంటాయి. ఎడమ చేతి వేళ్లు పరిచి తీగల మీద మెత్తగా ఆనించు, అదే క్షణంలో కుడి అరచెయ్యి బ్రిడ్జ్ మీద దిగాలి. రెండు చేతులూ ఒకేసారి.

తాళంతప్పదు
మాస్టారూ, మీలాంటి గిటారిస్టు మా బ్యాండ్‌కి ఒక్కరు కావాలి.

ఆరుతీగలు
అందరివీ చదివి నిన్న రాత్రి కూర్చున్నా. యాంప్ కుర్చీ మీదకి ఎక్కింది. క్రంచ్, గెయిన్ 10.30 అనుకోండి, బేస్ 10, మిడిల్ 2, ట్రెబుల్ 12. బూస్ట్, రివర్బ్ ఆఫ్. లత గారి డి కార్డ్ పరీక్ష చేశాను. మాస్టారు చెప్పినట్టు రెండు చేతులతో ఆపాను. పాటతో కలిపి వాయిస్తే డి మూడు దెబ్బలూ విడివిడిగా వినిపించాయి! ఇ నుంచి డికి మారే చోట మాత్రం లావు తీగ ఏదో మోగుతోంది.

ఇంకో సమస్య: రిఫ్ ఆగిన ఖాళీల్లో సన్నగా గుయ్‌మని హమ్ వస్తోంది. తీగ ముట్టుకుంటే తగ్గుతుంది. గెయిన్ ఎక్కువున్నప్పుడు ఇంకా ఎక్కువ.

లెఫ్టీలత
మీరు డి పట్టుకున్నప్పుడు బొటనవేలు పైకి తెచ్చి లావు ఇ తీగకి తాకించండి. నొక్కొద్దు, ఆనిస్తే చాలు. చెయ్యి చిన్నదైతే కుడి అరచెయ్యి అంచుతో ఆపండి. నేను ఎడమచేతి వాటం కాబట్టి నాకు అన్నీ తిరగేసి చెప్పడం అలవాటు, మీరు మాత్రం మీ చేతుల లెక్కన అర్థం చేసుకోండి.

ఇంకా, మందపాటి పిక్ వాడండి. 0.88 నుంచి 1 మిల్లీమీటర్ దాకా ఉన్నది. పల్చటి పిక్ తీగకి తగలగానే వంగిపోతుంది, ఆ చప్పుడే ముందు వినిపిస్తుంది.

సోల్డర్‌సుబ్బు
హమ్ గురించి. తీగ ముట్టుకుంటే తగ్గిందంటే గిటార్ లోపల గ్రౌండ్ వైర్ బాగానే ఉంది. బయటి నుంచి వచ్చే హమ్‌ను నీ ఒళ్లే పట్టుకుని పికప్‌కి అందిస్తోంది. తీగ తాకగానే ఒళ్లు కూడా గ్రౌండ్ అవుతుంది, హమ్ తగ్గుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి అదే 50, దాని రెట్టింపు 100 దగ్గర వినిపిస్తుంది. కంప్యూటర్ మానిటర్, ఎల్‌ఈడీ బల్బు అడాప్టర్, ఫోన్ ఛార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్ ఒక్కొక్కటే ఆపుతూ చూడు. గిటార్ పట్టుకుని కుర్చీలోనే మెల్లగా చుట్టూ తిరుగు, ఏదో ఒక దిక్కులో తగ్గుతుంది. స్విచ్ మధ్య స్థానాల్లో కాక చివర బ్రిడ్జ్ హంబకర్ మీదే ఉందో లేదో చూసుకో. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా ఉండి హమ్‌ను చెరిపేస్తాయి, సింగిల్ కాయిల్‌కి ఆ సౌకర్యం లేదు.

వాడే ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. హమ్ పోవడానికని మూడో పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు, ఆ పని ఎప్పుడూ చెయ్యకు.

మెటల్‌మల్లి
సరే, నేను కూడా ఆ డి కార్డ్ పరీక్ష చేశా. నా హై-గెయిన్ సెట్టింగ్‌లో మెల్లగా మీటినా చించేస్తోంది, డిలో థర్డ్ నిజంగానే పిచ్చిగా కొట్టుకుంటోంది. ఆ థర్డ్ ఎందుకలా కొట్టుకుంటుంది, ఫిఫ్త్ ఎందుకు కొట్టుకోదు?

సౌండ్‌చెక్‌శీను
రెండు స్వరాలు డిస్టార్షన్ గుండా వెళ్తే వాటి మొత్తం, తేడా ఫ్రీక్వెన్సీలు కొత్తగా పుడతాయి. ఫిఫ్త్ నిష్పత్తి 3:2, కాబట్టి పుట్టే తేడా సరిగ్గా రూట్‌కి ఒక ఆక్టేవ్ కింద పడుతుంది. అది బలంలా వినిపిస్తుంది. మేజర్ థర్డ్ అసలు నిష్పత్తి 5:4. కానీ మన ఫ్రెట్లు సమాన విభజనలో ఉంటాయి, అందులో థర్డ్ సుమారు 14 సెంట్లు (పక్కపక్క ఫ్రెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. కాబట్టి పుట్టే ఫ్రీక్వెన్సీలు స్వరంలో కూర్చోవు. క్లీన్‌లో చెవి దాన్ని క్షమిస్తుంది, గెయిన్ పెరిగితే అదే పైకి తేలుతుంది. అందుకే ట్యూనింగ్ కూడా ఈ రిఫ్‌కి ముఖ్యం. రిఫ్ వాయించే ముందు ఓపెన్ తీగలతో పాటు డి కార్డ్ పట్టుకుని చెక్ చేసుకోండి, రెండో తీగ దగ్గరే ఎక్కువగా తేడా వస్తుంది.

మెటల్‌మల్లి
బాగుంది. ఈ పాటకి తగ్గిస్తా. నా పాటలకి మాత్రం నా గెయిన్ నాదే 🙂

ఫ్రిస్కోవాల్వ్
ఒక మాట చెప్పి తీరాలి. కటానాతో దగ్గరికి వస్తుంది, కానీ వాల్వ్ యాంప్ (గాజు వాల్వ్‌లతో పనిచేసేది) వాల్యూమ్ తెరిచి పెట్టినప్పుడు చేతికి తగిలే ఆ ఎదురుదెబ్బ మోడలింగ్‌లో (కటానాలా దాన్ని డిజిటల్‌గా అనుకరించే రకంలో) రాదు.

కోరస్‌కిరణ్
అన్నా, హాల్లో కింద కూర్చున్నవాళ్లకి ఆ ఎదురుదెబ్బ వినిపించదు. మైకు గుండా వెళ్లాక తేడా కనిపెట్టేవాళ్లు ఎంతమంది? ఇక్కడ వాల్వ్ యాంప్ కొనాలంటే ఒక బైక్ డబ్బు, ఆపైన వాల్వ్ పోతే మార్చేవాళ్లు దొరకడం కష్టం.

ఫ్రిస్కోవాల్వ్
వినేవాళ్ల కోసం కాదు కిరణ్, వాయించేవాడి చేతి కోసం. యాంప్ బదులిచ్చే తీరు మారితే నేను వాయించే తీరు మారుతుంది. దాని మీద నా అభిప్రాయం మారదు. అయితే ఆరుతీగలకి ఇప్పుడు వాల్వ్ యాంప్ అవసరం లేదు, అది ఒప్పుకుంటా.

నేనుండే అమెరికా నుంచి ఎవరైనా ఇండియాకి యాంప్ పట్టుకెళ్లాలనుకుంటే: ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. నేరుగా గుచ్చితే ఒక్క క్షణంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. కేవలం 60 హెర్ట్జ్‌కి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది కూడా. వెనక ప్లేటు మీద రాసింది చదివాకే తీసుకెళ్లండి.

పాతఆర్కెస్ట్రా
కిరణ్, ఫ్రిస్కో బాబు ఇద్దరూ నిజమే చెబుతున్నారు. చేతికి నచ్చితే చెయ్యి ఇంకో గంట వాయిస్తుంది.

ఆరుతీగలు
అప్‌డేట్: హమ్ మానిటర్ నుంచే. పక్కకి తిరిగి కూర్చుంటే చాలావరకు పోయింది. 10-46 తీగలు వేయించాను, వేళ్లు నొప్పిగా ఉన్నా దెబ్బ గట్టిగా పడుతోంది. మొదటి రిహార్సల్ ఆదివారం. శీనన్నా, హాల్లో కటానాని ఎలా కలపాలి? వెనకాల ఫోన్స్/రెక్ అవుట్ అని ఉంది, అందులోంచి మిక్సర్‌కి ఇవ్వొచ్చా?

సౌండ్‌చెక్‌శీను
ఇవ్వొచ్చు, అందులో స్పీకర్ క్యాబినెట్ ధ్వని కలిపే వస్తుంది. కానీ ఆ జాక్ గుచ్చగానే యాంప్ స్పీకర్ ఆగిపోతుంది. స్టేజీ మీద నీకు మానిటర్ లేకపోతే నీ గిటార్ నీకే వినిపించదు. మైకు దొరికితే మైకే మేలు. షూర్ ఎస్‌ఎం57 లాంటిది ఒకటి చాలు. స్పీకర్ నడిబొడ్డున గుండ్రటి మూత ఉంటుంది కదా, దాని అంచు దగ్గర, గుడ్డకి దాదాపు ఆనుకునేలా పెట్టించు. మధ్యకి జరిపితే పదును, బయటికి జరిపితే మెత్తదనం. నాబ్ తిప్పే ముందు మైకు ఒక అంగుళం జరిపి విను.

హాల్లో 25 లేదా 50 వాట్ మోడ్ పెట్టి ఈక్యూ (బేస్, మిడిల్, ట్రెబుల్) మళ్లీ మొదటి నుంచి సరిచూసుకో. ఇంట్లో పెట్టిన బేస్ అక్కడ ఇంకా ఒక గంట వెనక్కి రావచ్చు. డ్రమ్స్, బేస్ మోగుతున్నప్పుడే సర్దు, ఒక్కడివే ఉన్నప్పుడు వద్దు.

తాళంతప్పదు
రిహార్సల్‌లో మీ డ్రమ్మర్‌ని మొదట హై-హ్యాట్, కిక్, స్నేర్ మాత్రమే వాయించమను. ఫిల్స్ (మధ్యలో వేసే అలంకారాలు) తర్వాత.

ఆరుతీగలు
సోలోకి? బూస్ట్ వేయాలా, గిటార్ వాల్యూమ్ చాలా?

లెఫ్టీలత
సుబ్బు గారి ట్రెబుల్ బ్లీడ్ వేయించుకుంటే 7 నుంచి 10కి తిప్పితే చాలు. అది కుదరకపోతే కటానా బూస్ట్‌నే డ్రైవ్ కనిష్టంలో పెట్టి, లెవెల్ మాత్రం పెంచి వాడండి. గెయిన్ కాదు, మిడ్స్‌తో కూడిన వాల్యూమ్ కావాలి. యాంగస్ ఆ రోజుల్లో వాడిన షాఫర్-వేగా వైర్‌లెస్ కూడా ఇలాంటి పనే చేసేది, యాంప్‌లోకి వెళ్లే ముందే సిగ్నల్‌ను కాస్త ముందుకు తోసేది. ఇంకా, రిఫ్ చివర పై తీగల మీద వచ్చే లిక్‌లో మూడో ఫ్రెట్ నుంచి ఓపెన్‌కి పుల్-ఆఫ్ (పిక్ లేకుండా నొక్కిన వేలితోనే తీగ మోగించడం) చేసేటప్పుడు వేలు పైకి ఎత్తొద్దు, కిందకి లాగండి. గెయిన్ తక్కువున్నప్పుడు ఓపెన్ స్వరం వినిపించేది ఆ లాగుడు వల్లే.

సోల్డర్‌సుబ్బు
ఫంక్షన్ హాల్ గురించి ఒక్కటి. యాంప్, మిక్సర్ రెండూ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. వేర్వేరు పాయింట్లలో పెడితే హమ్ మళ్లీ మొదలవుతుంది. గిటార్ పట్టుకుని మైకు దగ్గరికి వెళ్లే ముందు ఎవరినైనా టెస్టర్‌తో మైకు జాలీని ముట్టించి చూడమను. లైటు వెలిగితే వాయించొద్దు, హాల్ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించు.

ఆరుతీగలు
టెస్టర్ బ్యాగులో వేసుకున్నా సుబ్బు గారూ. ట్రెబుల్ బ్లీడ్ ఎల్లుండి అమీర్‌పేటలో చేయిస్తున్నా.